వంశవృక్ష పటం

ఈ వ్యాసం ఇంటిలో తయారు చేసుకొనే వంశవృక్ష పటాల గురించి. వంశవృక్షం అనే తెలుగు సినిమా కొరకు వంశవృక్షం (సినిమా) చూడండి.

వంశవృక్ష పటం అనగా ఒక కుటుంబంలోని తరాలను, వారి మధ్యనున్న బాంధవ్యాలను గీతల ద్వారా చూపే పటం. పెద్దలను అడిగి, పాత దస్తావేజులు వెదకి వివరాలు సేకరించడం ఇందులో మొదటి భాగం. సేకరించిన దానిని కాగితం పైకి ఎక్కించి, నలుగురూ చూసే విధంగా ఉంచి, చెడిపోకుండా తరువాతి తరానికి అందించడం రెండవ భాగం. సాధారణంగా మొదటి భాగానికి ఏళ్ళు పడుతుంది, రెండవ భాగాన్ని ఒక్క రోజులో ముగిస్తారు. అందువలననే అనేక పటాలు పది, పదిహేనేళ్ళలో వెలిసిపోయి, చినిగిపోయి నిరుపయోగం అవుతున్నాయి. ఈ వ్యాసంలో ముద్రణ, ప్రదర్శన, భద్రత అనే మూడు విషయాలు వివరించబడినవి.

చరిత్ర

తెలుగు దేశంలో వంశక్రమాన్ని వ్రాసి ఉంచే ఆచారం చాలా పాతది. తూర్పు చాళుక్యుల తామ్ర శాసనాలలో రాజుల పేర్లతో పాటు ఒక్కొక్కరు ఏలిన సంవత్సరాల సంఖ్య కూడా కనిపిస్తుంది. ఈ రాగిరేకులకు రంధ్రం చేసి, ఒక కడియంతో కూర్చి, దానిపై రాజముద్ర వేసేవారు. రేకు ఒక్కటి కూడా విడిపోకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు ఇది.

సామాన్య కుటుంబాల వంశక్రమం ఎక్కువగా నోటి మాటగానే నిలిచినది. పిచ్చిగుంట్ల వారు (వంశరాజ్) తమను పోషించే కులాల వారి గోత్రాలను, వంశాలను కథలుగా చెప్పేవారు. తెలంగాణలోని చేర్యాల చిత్రకారులు కులపురాణాలను పొడవైన గుడ్డ పటాలపై చిత్రించి ఇవ్వగా, కథకులు వాటిని విప్పుతూ కథ చెప్పేవారు. గుడ్డకు గంజి, సుద్దమన్ను పట్టించి గట్టిపరచడం వలన ఆ పటాలు చుట్టి విప్పడానికి తట్టుకొనేవి. ఉత్తర భారతంలో హరిద్వారంలోని పండాలు తమ యాత్రికుల వంశావళులను బహీలు అనే పుస్తకాలలో తరతరాలుగా వ్రాసి ఉంచుతున్నారు.

కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులలో అనేక జమీందారీ వంశాల వివరాలున్నవి. ఆ కాగితాలు శిథిలమవుతున్న దశలో సి.పి.బ్రౌన్ వాటిలో అనేకం నకలు వ్రాయించి బైండు చేయించాడు. మూలప్రతి ఎంత గొప్పదైనా నకలు లేకపోతే నిలువదని ఈ ఉదంతం తెలుపుతుంది.

పటం రూపాలు

ఎవరిని మొదలుగా తీసుకొంటామనే దానిని బట్టి పటాలు రెండు విధాలు.

* అవరోహణ పటం: ఒక మూలపురుషుని, అతని భార్యను పైన ఉంచి వారి సంతానాన్ని క్రిందికి చూపేది. తెలుగు కుటుంబాలలో సాధారణంగా కనిపించేది ఇదే.
* ఆరోహణ పటం: ఒక వ్యక్తితో మొదలుపెట్టి తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, ముత్తాతలు, ముత్తవ్వలు అంటూ పైకి పోయేది. ప్రతి తరానికి సంఖ్య 2, 4, 8, 16గా పెరుగుతుంది. దీనిని విసనకర్ర ఆకారంలో కూడా గీయవచ్చును.

ఆరోహణ పటంలో వ్యక్తులకు సంఖ్యలు ఇచ్చే ఒక పద్ధతిని మిఖాయెల్ ఐట్జింగర్ 1590లో ప్రచురించాడు. ఇందులో మొదటి వ్యక్తి సంఖ్య 1. ఎవరి సంఖ్యనైనా రెండింతలు చేస్తే వారి తండ్రి సంఖ్య, దానికి ఒకటి కలిపితే తల్లి సంఖ్య వస్తాయి. ఉదాహరణకు తల్లి సంఖ్య 3 కనుక ఆమె తండ్రి 6, ఆమె తల్లి 7. కాగితాలు విడిపోయినా సంఖ్యల ద్వారా బాంధవ్యాన్ని తిరిగి గుర్తించవచ్చును.

తెలుగు కుటుంబాలలో ప్రత్యేక సమస్యలు

* మేనరికాలు: చెట్టు కొమ్మలు విడిపోవడమే కాని కలియడం ఉండదు. మేనరికం జరిగిన వంశంలో కొమ్మలు తిరిగి కలుస్తాయి. ఒక వ్యక్తి తన అక్క కుమార్తెను వివాహం చేసికొంటే, వారి బిడ్డకు 4, 5 సంఖ్యలు గల తండ్రి తల్లిదండ్రులే 14, 15 సంఖ్యల వద్ద మరల వస్తారు. మూడు తరాలలో ఉండవలసిన 14 మంది పూర్వులు 12 మందే అవుతారు. ఒకే వ్యక్తిని రెండు చోట్ల వ్రాసి రెండవ చోట "4 చూడుము" అని సూచించడం, పొడవైన గీతలతో కలపడం కన్నా స్పష్టంగా ఉంటుంది.
* ఒకే పేరు: తాత పేరు మనుమనికి పెట్టడం వలన ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు తరం విడిచి తరం వస్తారు. పేరు ప్రక్కన తరం సంఖ్యను గాని, తండ్రి పేరును గాని తప్పక వ్రాయాలి.
* తెలుగు సంవత్సరాలు: పాత జాతకాలలో "విరోధి నామ సంవత్సరం" వంటి పేరు మాత్రమే ఉంటుంది. ఇవి 60 ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి. విరోధి 1949-50లోను, 2009-10లోను వచ్చినది. కనుక తెలుగు సంవత్సరంతో పాటు క్రీస్తు శకం కూడా వ్రాయకపోతే, అరవై ఏళ్ళ తరువాత చదివేవారు తాతను మనుమడిగా భావించే ప్రమాదమున్నది.
* స్త్రీల పేర్లు: పాత వంశావళులలో కుమారులే తప్ప కుమార్తెలు, కోడళ్ళు కనిపించరు. కోడలికి పుట్టింటి ఇంటిపేరు, ఊరు వ్రాయడం, కుమార్తెలను, వారి సంతానాన్ని చూపడం ఇప్పటి పద్ధతి.
* దత్తత: జన్మనిచ్చిన వారికి ఒక రకం గీత, దత్తత చేసికొన్న వారికి చుక్కల గీత వాడి, ఆ గుర్తుల అర్థాన్ని పటం మూలలో వివరించాలి.

కాగితం కొలత

ముద్రణకు ముందు, ఎక్కువ మంది ఉన్న తరంలో ఎందరున్నారో లెక్కించాలి. ప్రామాణిక కాగితాల కొలతలు ఇవి.

* ఎ4: 210 × 297 మిల్లీమీటర్లు
* ఎ3: 297 × 420 మిల్లీమీటర్లు
* ఎ2: 420 × 594 మిల్లీమీటర్లు
* ఎ1: 594 × 841 మిల్లీమీటర్లు
* ఎ0: 841 × 1189 మిల్లీమీటర్లు

తెలుగు అక్షరాలకు పైన గుడి, దీర్ఘం, క్రింద ఒత్తులు ఉండడం వలన మరీ చిన్న అక్షరాలు చదవడానికి వీలుపడవు. ఒక్కొక్కరికి 4 సెంటీమీటర్ల వెడల్పు ఇస్తే, అంచులు పోగా ఎ1 కాగితంపై అడ్డంగా 20 మంది, ఎ0 కాగితంపై సుమారు 28 మంది పడతారు. ప్రతి ఒక్కరికి నలుగురు సంతానం అనుకొంటే నాలుగవ తరంలో 64 మంది ఉంటారు. వారికి 256 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. ఇటువంటప్పుడు అక్షరాలను కుదించడం సరికాదు. మొదటి మూడు తరాలను ఒక ప్రధాన పటంగా, ఒక్కొక్క శాఖను వేరొక పటంగా విడదీసి వాటికి సంఖ్యలు ఇవ్వడం మంచిది. మరొక మార్గం పుస్తక రూపం. శాఖకొక అధ్యాయం చొప్పున డెమ్మీ సైజులో చిన్న పుస్తకంగా కుట్టించినట్లయితే, ఫొటోలకు, ఊరి విశేషాలకు కూడా చోటు దొరుకుతుంది.

కాగితం, సిరా

పాత వార్తాపత్రిక పసుపు పచ్చగా మారి పెళుసెక్కడం అందరికీ తెలిసినదే. కలప గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం, తయారీలో వాడిన పటిక వలన చేరే ఆమ్లం దీనికి కారణాలు. దీర్ఘకాలం నిలువవలసిన పటానికి ఆమ్లరహిత కాగితం వాడాలి. ఇటువంటి కాగితంలో కాల్షియం కార్బొనేట్ ఉండి, గాలి నుండి చేరే ఆమ్లాన్ని కూడా తటస్థం చేస్తుంది. శాశ్వత కాగితానికి ఐ.ఎస్.ఒ. 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. నూలు గుజ్జుతో చేసిన కాగితంలో లిగ్నిన్ ఉండదు కనుక అది కూడా మన్నుతుంది.

సిరాలలో బొగ్గుమసి ఆధారంగా చేసినవి అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. తాళపత్రాలపై గంటంతో గీసిన అక్షరాలకు మసి పూయడం ఈ కారణం చేతనే ఇప్పటికీ చదవడానికి పనికి వస్తున్నది. చేతితో వ్రాసేవారు నల్లని ఇండియా ఇంకు వాడవచ్చును. సాధారణ బాల్ పెన్ను సిరా వెలుతురుకు వెలిసిపోతుంది.

ముద్రణ విధానాలు

* లేజర్ ముద్రణ: నల్లని టోనరులో బొగ్గుమసి ఉంటుంది. నీరు తగిలినా అక్షరం చెదరదు. ఎ3 వరకు జిరాక్సు దుకాణాలలో సులభంగా లభిస్తుంది.
* ఇంక్‌జెట్ ముద్రణ: ఇందులో రంజక సిరా (డై), వర్ణక సిరా (పిగ్మెంట్) అని రెండు రకాలు. మొదటిది నీటికి కారిపోతుంది, ఎండకు వెలుస్తుంది. పటానికి రెండవదే తగినది.
* ప్లాటరు ముద్రణ: ఇంజనీర్ల నక్షాలు ముద్రించే దుకాణాలలో ఎ1, ఎ0 కొలతలలో చేస్తారు.
* ఫ్లెక్సీ: కుటుంబ సమ్మేళనాలలో వేదిక వెనుక కట్టడానికి చవకైనది. ఇది ప్లాస్టిక్ పూత గల గుడ్డ కనుక మడతల వద్ద పగులుతుంది. దీనిని భద్రపరచే ప్రతిగా భావించరాదు.

తెలుగు అక్షరాలతో మరొక చిక్కు ఉన్నది. డి.టి.పి. కేంద్రాలలో యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. పటాన్ని యూనికోడ్‌లో కూర్పించి, ఫాంటు లోపలే పొదిగిన పి.డి.ఎఫ్. ప్రతిని కూడా అడిగి తీసుకోవాలి. ముద్రణకు ముందు ప్రతి శాఖ వారికి చిత్తుప్రతి పంపి పేర్లు, తేదీలు సరిచూపించడం అవసరం.

ప్రదర్శన

గోడకు నకలు, పెట్టెకు మూలప్రతి అనేది ప్రధాన సూత్రం. గోడపై ఉంచే పటం విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు:

* నేరుగా ఎండ పడే గోడ, వంటగది, వానకు చెమ్మ తేలే బయటి గోడ పనికిరావు.
* అద్దం కాగితానికి తగులకుండా మధ్య అట్ట చట్రం ఉంచాలి. తగిలినచో చెమ్మకు కాగితం అద్దానికి అంటుకొంటుంది.
* వెనుక అట్ట కూడా ఆమ్లరహితంగా ఉండాలి. మామూలు చెక్కరేకు వలన కాగితంపై గోధుమ రంగు మరకలు వస్తాయి.
* కొత్తగా పుట్టిన వారిని చేర్చడానికి క్రింద ఖాళీ విడిచిపెట్టాలి.

మూలప్రతిని లామినేషన్ చేయించరాదు. వేడితో అంటించిన ప్లాస్టిక్ పొరను మరల తీయడం దాదాపు అసాధ్యం. నకళ్ళకు చేయించుకోవచ్చును.

భద్రపరచుట

తీరప్రాంతాలలో గాలిలోని తేమ, మెట్ట ప్రాంతాలలో చెదలు, అంతటా వెండిచేపలనే పురుగులు కాగితానికి శత్రువులు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచినప్పుడు బూజు పట్టే అవకాశం ఎక్కువ.

* పెద్ద పటాన్ని మడవకుండా లావైన గొట్టంపై చుట్టి, శుభ్రమైన నూలు గుడ్డ కప్పాలి. తాళపత్ర గ్రంథాలను గుడ్డలో కట్టి ఉంచే ఆచారం ఇటువంటిదే.
* చిన్న పటాలను పాలియెస్టరు కవర్లలో ఉంచవచ్చును. పి.వి.సి. కవర్లు కాలక్రమాన కాగితానికి అంటుకొని సిరాను లాగుతాయి.
* పిన్నులు తుప్పు పడతాయి, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకొంటాయి, సెల్లోటేపు జిగురు కాగితంలోనికి ఇంకి గోధుమ రంగు మచ్చ మిగులుస్తుంది. చినిగిన చోట పలుచని కాగితాన్ని పిండి జిగురుతో అతికించాలి. అది నీటితో తిరిగి ఊడదీయవచ్చును.
* పెట్టెను నేలపై గాక ఎత్తుగా, గోడకు దూరంగా ఉంచి, ఏటా వానాకాలం గడచిన తరువాత నీడలో తెరచి చూడాలి.
* ఎండు వేపాకు, వస కొమ్ములు గుడ్డ సంచిలో కట్టి కాగితానికి తగులకుండా ఉంచవచ్చును.

కంప్యూటరు ప్రతి

పటాన్ని కనీసం 300 డి.పి.ఐ. స్పష్టతతో స్కాన్ చేయించాలి. భద్రపరచడానికి టిఫ్, పంచుకోవడానికి జెపెగ్ తగినవి. దీర్ఘకాల నిల్వ కొరకు పి.డి.ఎఫ్./ఎ అనే ప్రమాణం 2005లో వచ్చినది. వంశ వివరాలను ఒక సాఫ్ట్‌వేరు నుండి మరొక దానికి మార్చడానికి 1984లో మొదలైన జెడ్‌కామ్ అనే ఫైలు పద్ధతి వాడుకలో ఉన్నది. దీని 7.0 సంచిక 2021లో విడుదలైనది. గ్రాంప్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దీనిని చదవగలవు.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే ఊరిలో అనేది నిల్వకు వాడే సూత్రం. తుఫాను గాని, అగ్ని ప్రమాదం గాని ఒక ఇంటిని తాకినా మరొక ఊరి ప్రతి మిగులుతుంది. సీడీలు, పెన్‌డ్రైవులు శాశ్వతం కావు కనుక కొన్ని ఏళ్ళకు ఒకసారి కొత్త వాటిలోనికి మార్చుకోవాలి.

చట్టపరమైన విలువ

ఆస్తి పంపకాల తగాదాలలో బాంధవ్యం నిరూపించవలసి వచ్చినప్పుడు వంశవృక్షం ప్రస్తావనకు వస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ ప్రకారం, మరణించిన వారి బాంధవ్యం గురించి కుటుంబ వంశావళిలో వ్రాసిన మాట, తగాదా పుట్టక ముందు వ్రాసినదైతే, కోర్టు పరిశీలనకు తీసుకోదగినది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 26వ సెక్షన్‌లో ఇదే నియమం ఉన్నది. కనుక పటంపై తయారు చేసినవారి పేరు, తేదీ, ఏ వివరం ఎవరి ద్వారా తెలిసినది వ్రాయడం అలంకారం కాదు, అవసరం. తేదీ లేని పటం తగాదాకు ముందుదని చూపడం కష్టం. దాని విలువను తేల్చవలసినది న్యాయస్థానమే.

కుమార్తెల పేర్లు విడిచిన పటం ఈ విషయంలో కూడా అసంపూర్ణమే. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు హిందూ ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు ఇచ్చినది. 2005లో చేసిన కేంద్ర సవరణ ఆ హక్కును దేశమంతటా పెండ్లయిన కుమార్తెలకు కూడా వర్తింపజేసినది.

గోప్యత

జీవించి ఉన్నవారి పూర్తి పుట్టినతేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు వంటి వివరాలు బ్యాంకు ఖాతాల భద్రతా ప్రశ్నలలో వాడబడుతుంటాయి. అందువలన గోడపై ఉంచే పటంలోను, ఇతరులకు పంచే ప్రతిలోను జీవించి ఉన్నవారికి పేరు మాత్రమే ఇచ్చి, పూర్తి వివరాలను భద్రపరచే ప్రతిలో ఉంచడం మంచిది. దత్తత, విడాకుల వంటి విషయాలను సంబంధిత వ్యక్తుల అనుమతి లేకుండా ప్రదర్శించరాదు.