వార్తల్లో పదం: రాపిడ్ సీక్వెన్స్ ఇంట్యుబేషన్

ఊపిరి అందని రోగికి మత్తుమందు, వెంటనే కండరాలను సడలించే మందు ఇచ్చి శ్వాసనాళంలోకి గొట్టం వేసే అత్యవసర పద్ధతి ఇది. మత్తుకు ఏ మందు వాడాలన్నదే కీలకం. ప్రొపొఫాల్ రక్తపోటును బాగా తగ్గిస్తుంది. ఎటోమిడేట్ అంతగా తగ్గించదు కానీ, అడ్రినల్ గ్రంథుల పనిని కొంతసేపు అణచివేస్తుంది. కెటమిన్ నొప్పినీ తగ్గిస్తుంది. తలకు దెబ్బ తగిలినవారికి అది ప్రమాదమన్న పాత భయాన్ని తర్వాతి అధ్యయనాలు సమర్థించలేదు. మెదడు, నరాల చికిత్సా సంస్థ నిమ్హాన్స్‌కు తలగాయాల బాధితులు నిత్యం చేరే బెంగళూరుకు ఇది ముఖ్యమైన విషయం. మన దేశంలో కెటమిన్ 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్ మందు. అంటే దాని నిల్వకు, వాడకానికి పక్కా లెక్క ఉండాలి. కర్ణాటకలో 2008లో మొదలైన 108 వంటి అంబులెన్స్ సేవల్లో ఈ పద్ధతిని వాడాలంటే మందు ఒక్కటే చాలదు. శిక్షణ, మానిటర్, వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి. అవి లేనిచోట మాస్క్‌తో ఆక్సిజన్ అందిస్తూ త్వరగా ఆస్పత్రికి చేర్చడమే సరైన మార్గం.