లక్ష మైళ్ళు దాటిన కారు: ట్రాన్స్‌మిషన్ నూనె మార్చవచ్చునా?

“లక్ష మైళ్ళు దాటిన కారులో ట్రాన్స్‌మిషన్ నూనె జోలికి పోకండి; మార్చారో, బండి మూలపడుతుంది” అన్న హెచ్చరిక వినని తెలుగువారు అమెరికాలో అరుదు. చదువుల కోసం ఇక్కడికి వచ్చే మన పిల్లలు మొదట కొనేది తరచుగా ఇటువంటి, నాలుగు చేతులు మారిన కారునే. ట్రాన్స్‌మిషన్ చెడితే విప్పి బాగుచేయించడానికి వేల డాలర్లు కావాలి. ఒక్కొక్కప్పుడు ఆ ఖర్చు కారు వెలనే మించుతుంది. కనుక ఈ హెచ్చరికలో నిజం పాలెంత, భయం పాలెంత అని రసాయనశాస్త్ర దృష్టితో పరిశీలించడం నిష్ప్రయోజనం కాదు.

ఒకే నూనె, పలు బాధ్యతలు

క్లచ్ తొక్కి గేరు మార్చే బండ్లపై డ్రైవింగు నేర్చుకొన్నవారికి గేరుపెట్టెలోని నూనె కేవలం ఒక కందెన. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో దాని బాధ్యతలు ఎక్కువ. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని ముందుకు అందించేది అదే. పంపు పుట్టించిన పీడనాన్ని కవాటాల గుండా క్లచ్‌లకు చేరవేసి గేరు మార్పించేది అదే. లోపలి వేడిని మోసుకొనిపోయి కూలర్‌లో వదిలేదీ, పళ్ళచక్రాలను అరుగుదల నుంచి కాపాడేదీ అదే.

ఇందులో ఒక వైరుధ్యం ఉన్నది. పళ్ళచక్రాల మధ్య నూనె జారుడు కల్పించాలి. అదే నూనెలో మునిగి ఉన్న క్లచ్ పలకలు మాత్రం ఒకదానినొకటి గట్టిగా, కుదుపు లేకుండా పట్టుకోవాలి. ఈ రెంటికీ సంధి కుదిర్చేవి ‘ఘర్షణ నియంత్రకాలు’ అనే పదార్థాలు. వీటి అణువు ఒక కొసతో లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకొంటుంది. పొడవైన హైడ్రోకార్బన్ తోక నూనెలో తేలుతూ ఉంటుంది. ఒకప్పుడు ఈ పనికి స్పెర్మ్ తిమింగలపు నూనెను వాడేవారు. ఆ జాతిని అంతరించిపోయే ప్రమాదమున్న ప్రాణుల పట్టికలో 1970లో చేర్చిన తరువాత, అమెరికాలో రసాయనజ్ఞులు దానికి ప్రత్యామ్నాయాలు వెదకవలసి వచ్చింది.

ఈ ద్రవంలో అత్యధిక భాగం మూలతైలం. మిగిలినది ఆక్సీకరణ నిరోధకాలు, మలినాలను తేలగట్టే పదార్థాలు, అరుగుదల నిరోధకాలు, నురగను అణచేవి, రబ్బరు సీళ్ళు గట్టిపడకుండా చూసేవి, స్నిగ్ధతను నిలకడగా ఉంచే పాలిమర్లు. ఎర్రని రంగు కేవలం గుర్తు కోసం. కారు కింద కారినది ఏ నూనెయో తెలియడానికి.

నూనెకు ముసలితనం

వేడి, గాలిలోని ఆక్సిజన్, అరిగిన లోహపు రేణువులు కలసి హైడ్రోకార్బన్ అణువులపై శృంఖలచర్యను ఆరంభిస్తాయి. ముందు పెరాక్సైడులు, ఆ పైన ఆల్డిహైడులు, కీటోనులు, ఆమ్లాలు, చివరకు లక్కవలె అంటుకొనే జిగురు ఏర్పడతాయి. ఉష్ణోగ్రత 10 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలసూత్రం. కొండదారులు, ట్రెయిలర్ లాగడం, మండువేసవిలో అడుగడుగునా ఆగే నగరపు ట్రాఫిక్ నూనె ఆయుష్షును హరించేది అందుకే. ఆక్సీకరణ నిరోధకాలు తాము ఆహుతవుతూ ఈ శృంఖలను తెంచుతూ ఉంటాయి. అవి నిండుకొన్నాక పతనం వేగవంతమవుతుంది.

పాలిమర్ల పొడవైన గొలుసులు యంత్రపు రాపిడికి తెగి, నూనె పలుచబడడం రెండవ మార్పు. క్లచ్ పలకలపై ఉండే కాగితం వంటి పూత నుంచి రాలిన నూగు, లోహపు పొడి చేరడం మూడవది. ఈ మూడూ కాలంతో పెరిగేవే కాని తరిగేవి కావు. ముసలి నూనె ట్రాన్స్‌మిషన్‌ను కాపాడుతున్నదనడానికి రసాయనికంగా ఆధారం లేదు.

కాకతాళీయం

మరి ఆ హెచ్చరిక ఎలా పుట్టింది? కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడం వంటిదే ఇది. చాలామందికి ఈ నూనె గుర్తుకు వచ్చేది గేర్లు జారడం మొదలైన తరువాతనే. అప్పటికే క్లచ్ పూత అరిగిపోయి ఉంటుంది. నూనె మార్చిన నెలకు బండి ఆగితే, నింద కొత్త నూనె మీద పడుతుంది.

అయితే హెచ్చరికలో కొంత సత్యం లేకపోలేదు. ఏళ్ళ తరబడి పేరుకొన్న జిగురును కొత్త నూనెలోని శుభ్రకారకాలు కదిలిస్తే, ఆ ముక్కలు కవాటాల సన్నని దారులలో అడ్డుపడే అవకాశం ఉన్నది. యంత్రంతో ఒత్తిడి పెట్టి ఒక్కసారిగా కడిగించినప్పుడు ఈ భయం ఎక్కువ. అరుగుదల ముదిరిన క్లచ్‌లో కొత్త నూనెతో జారుడు మరికొంత బయటపడవచ్చు. తయారీదారు చెప్పిన రకం గాక వేరొకటి పోయడం మరొక ప్రమాదం.

ఏమి చేయాలి?

నిర్ణయానికి ఆధారం మైళ్ళ సంఖ్య కాదు, ట్రాన్స్‌మిషన్ స్థితి. దీనిని మూడు సందర్భాలుగా చూడవచ్చు.

1. నూనెను క్రమంగా మారుస్తూ వచ్చిన కారు: ఎన్ని మైళ్ళు తిరిగినా ఆ అలవాటును మానవద్దు.

2. ఎన్నడూ మార్చని, లేదా చరిత్ర తెలియని కారు. గేర్లు మాత్రం చక్కగా పడుతున్నవి: మార్చవచ్చు, కాని నెమ్మదిగా. అడుగుపళ్ళెం నుంచి కారినంత నూనె తీసి, అంతే కొత్తది పోయాలి. కన్వర్టర్‌లోని నూనె లోపలే ఉండిపోతుంది. మొత్తం 8 క్వార్టులలో 3 మాత్రమే బయటికి వస్తే పాతది 62 శాతం మిగులుతుంది. వెయ్యి, రెండు వేల మైళ్ళ తరువాత మళ్ళీ చేస్తే 39, మూడవసారికి 24. బియ్యం ఒక్క కడుగుతో తేటపడవు కదా!

3. ఇప్పటికే గేర్లు జారుతున్న, నూనె నల్లబడి మాడువాసన వేస్తున్న కారు: నూనె మందు కాదు. ముందు నిపుణుని చేత పరీక్ష చేయించాలి.

పళ్ళెం విప్పినప్పుడు అందులోని అయస్కాంతాన్ని చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద సహజం. లోహపు పెళుసులు, తునకలు ఉంటే లోపల ఏదో విరుగుతున్నది. నూనె గులాబీరంగు పాలవలె కనిపిస్తే రేడియేటర్ నీరు కలసినట్లు. క్లచ్ పూతను అంటించిన జిగురును ఆ నీరు కరగదీస్తుంది కనుక బండి నడపడం వెంటనే ఆపాలి. సందేహముంటే, పాత నూనె నమూనాను పరీక్షశాలకు పంపి స్నిగ్ధత, లోహాల పాళ్ళు తెలుసుకోవచ్చు.

నూనె రకాన్ని ఓనర్స్ మాన్యువల్ చూసి ఎంచుకోవాలి. సీవీటీ ఉన్న కార్లకు దానికి ప్రత్యేకించిన ద్రవమే పోయాలి. మట్టాన్ని అందులో చెప్పిన ఉష్ణోగ్రత వద్దనే కొలవాలి. ‘జీవితకాలపు నూనె’ అన్న మాట కొన్ని కంపెనీలు వాడతాయి. ఆ జీవితం ఎవరిదో, ఎన్ని మైళ్ళదో విచారించి, అదే పుస్తకంలో కఠిన పరిస్థితులకు వేరే గడువు ఇచ్చారేమో చూడండి. పాత కారు కొన్న పిల్లలకు పెద్దలు చెప్పవలసిన మాట ఇది: బండి బాగుండగానే నూనె సంగతి చూసుకోండి, జారడం మొదలైన తరువాత నూనెను నమ్ముకోకండి.