సంతకపు గిటారు

గిటారు అనగానే మన పత్రిక చదివే పెద్దవారిలో కొందరు ముఖం చిట్లిస్తారని మాకు తెలుసు. మొన్న మొన్నటిదాకా మేమూ ఆ కోవలోని వారమే. కాని చెన్నపట్నంలో మా ఇంట ఉండి ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు, రెండేళ్ళపాటు జీతంలో మిగిల్చిన సొమ్మంతా పోసి, ఒక మోటారు సైకిలు వచ్చే వెలకు విద్యుత్ గిటారు ఒకటి కొని తెచ్చాడు. ఇంట్లోకి వచ్చాక దాని మంచిచెడ్డలు తెలుసుకోక తప్పింది కాదు. తెలుసుకున్న కొద్దీ, మా అమ్మగారి గదిలో గోడవారగా ఉన్న బొబ్బిలి వీణకు ఇది మరీ దూరపు చుట్టం కాదేమో ననిపించింది. ఆ సంగతులే ఇక్కడ నాలుగు మాటలలో చెప్పదలచాము.

మావాడు కొన్నదానిని సంతకపు గిటారు అంటారు. అంటే ఒక పేరుమోసిన వాదకుని పేరుమీద, ఆయన కోరిన కొలతలతో, కంపెనీవారు తయారుచేసి అమ్మేది. అమ్మకాలమీద ఆయనకూ కొంత ముడుతుంది. విద్యుత్ గిటార్లలో ఈ ఆచారానికి పేరు తెచ్చింది గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ పేరిట విడుదల చేసిన వాద్యం. లెస్ పాల్ (1915–2009) అమెరికాలో గొప్ప వాదకుడే గాక, కర్రదుంగకు తీగలు బిగించి ప్రయోగాలు చేసిన మనిషి. 1961లో కంపెనీవారు ఆ గిటారు ఆకారం మార్చారు. కొన్నాళ్ళకు ఆయన పేరూ తీసివేశారు. పాతవాటికోసం జనం వెదుకులాట మొదలుపెట్టాక 1968లో మళ్ళీ ఆ పేరు, ఆ ఆకారం తెచ్చి నిలబెట్టారు. ఫెండర్ అనే మరో కంపెనీ 1954లోనే స్ట్రాటోకాస్టర్ అనే గిటారు తెచ్చినా, సంతకాల జోలికి 1988 దాకా పోలేదు. ఆ ఏడు ఎరిక్ క్లాప్టన్ పేర ఒకటి, స్వీడన్ దేశస్థుడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేర ఒకటి వచ్చాయి. మావాడిది ఈ రెండోది.

మన దేశంలో వాద్యంమీద విద్వాంసుని పేరు వేసే అలవాటు లేదు. బొబ్బిలి వీణ, తంజావూరు వీణ అని ఊరి పేరు చెప్పుకుంటాము. ఏది మంచిదన్న తగవులోకి మేము పోము గాని, ఊరి పేరుకు రాయల్టీ ఇవ్వనక్కరలేదన్నది మాత్రం నిజం!

ఈ గిటారులో విశేషమంతా మెడమీద ఉంది. మామూలు గిటారులో మెట్టుకూ మెట్టుకూ నడుమ చెక్క చదునుగా ఉంటుంది. దీనిలో అక్కడ చెక్కను దోనెలాగా లోతుగా గీకి ఉంచారు. వేలు తీగను తాకుతుంది, చెక్కను తాకదు. పదిహేడో శతాబ్దపు వీణవంటి వాద్యమొకటి మరమ్మతు దుకాణంలో చూసి, దానిమీది గుంటలు గమనించి తన గిటారు తానే గీకుకున్నానని మాల్మ్‌స్టీన్ చెప్పుకున్నాడు.

పెట్టె తెరిచిననాడు మా అమ్మగారు దగ్గరకు వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆ గుంటలలో చిటికెనవేలు పెట్టి చూశారు. "ఓస్, ఇదా! మన మైనం పనేగా" అన్నారు.

ఆమె అన్నది అక్షరాలా సరి. వీణలో 24 మెట్లనూ దండిమీద నేరుగా దిగగొట్టరు. మసి కలిపిన మైనంతో రెండు గట్లు పోసి, వాటిమీద ఒక్కొక్క మెట్టూ శ్రుతి చూసుకుంటూ నిలబెడతారు. అందువల్ల మెట్ల నడుమ తీగ క్రింద బోలెడు ఖాళీ. తీగను ఒక మెట్టుమీదనే పక్కకు లాగి మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. గమకానికి ఆ ఖాళీయే ఆధారం. ఆంగ్లేయుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో మన సంగీత విద్వాంసులతో కలిసి శక్తి అనే బృందం నడిపినప్పుడు, తన గిటారు మెడనూ ఇలాగే గుంటలు తీయించుకున్నాడు. పాలకొల్లులో పుట్టి ఈ చెన్నపట్నంలోనే 2014లో కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్, తరువాతి కాలంలో ఆయనతో కలిసి దేశదేశాల కచేరీలు చేశారు. విద్యుత్ వాద్యంమీద కర్ణాటక సంగీతమా అని మొదట్లో ముక్కున వేలు వేసుకున్న సభలే తరువాత ఆయనను పిలిచి పీట వేశాయి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. వీణ మెట్టును చెవి చెప్పినచోట పెడతారు. గిటారు మెట్టును లెక్క చెప్పినచోట కొడతారు. ఈ గిటారులో తీగ మోగే నిడివి 25.5 అంగుళాలు, అంటే దగ్గర దగ్గర 648 మిల్లీమీటర్లు. దానిని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం. మిగిలిన నిడివిని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పన్నెండోది సరిగా సగానికి వస్తుంది. ఒకసారి కొట్టాక మెట్టు కదలదు. కాబట్టి శ్రుతి కుదరాలంటే తక్కినవన్నీ మెట్టుకు అనుగుణంగా కదలాలి. మెడ, బ్రిడ్జి, తీగల ఎత్తు, వీటిని సరిచేయడాన్ని వాళ్ళు సెటప్ అంటారు. మా అమ్మగారి మాటలో చెప్పాలంటే మేళం కట్టడం.

మావాడికి ముప్పు వచ్చింది ఇక్కడే. మాల్మ్‌స్టీన్ మరీ సన్నని తీగలు వాడతాడని విని, ఉన్న తీగలు తీసేసి సన్నని జోడు వేశాడు. మొదటి తీగ అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు ఉండేది, వెయ్యింట ఎనిమిది వంతులది వేశాడు. వెయ్యింట ఒక వంతుకే ఏమవుతుందని మనబోటి వారనుకుంటాము. అదే శ్రుతికి బిగిస్తే ఆ తీగమీది లాగుడు అయిదో వంతు తగ్గిపోతుంది. ఆరు తీగలూ కలిసి మెడను లాగే బలం సుమారు 38 కిలోలనుంచి 31 కిలోలకు పడిపోయింది. వారం తిరిగేసరికి క్రింది తీగలు జివ్వుజివ్వుమని మెట్లకు తగలసాగాయి. నాలుగు స్వరాలు కలిపి వాయిస్తే ఒకటీ శ్రుతిలో నిలవదు.

ఒక దుకాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడివారు చూసి, మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఆకురాయి పట్టించి అన్నిటినీ సమంగా అరగదీయాలి అని, గుండె గుభేలుమనే మొత్తం ఒకటి చెప్పారు. మావాడు ఇంటికొచ్చి భోజనం చేయకుండా కూర్చున్నాడు. సొమ్ము మాట అటుంచి, అరగదీసిన మెట్టు మళ్ళీ పెరగదు. గుంటలు తీసిన ఆ మెడకు మెట్లు మార్చాలంటే చేయి తిరిగినవాడు కావాలి. మేము మా తెలివికొద్దీ, "వాళ్ళు తెలిసినవాళ్ళు కదా, చేయించెయ్యరా" అని సలహా కూడా ఇచ్చాము. ఈ మాట దాచుకోవలసిన పని లేదు.

మా అమ్మగారు లోపలినుంచి కేక వేశారు. "ఒరేయ్, అది మోగనిది తీగ మార్చకముందా, మార్చాకా?"

"మార్చాకే అమ్మమ్మా."

"మరి తీగ మార్చి, మెట్టును కోస్తానంటావేమిరా? ఎవరైనా పెద్దవాడికి చూపించు ముందు."

ఆ పెద్దవాడు దొరకడానికి పది రోజులు పట్టింది. సినిమా వాద్యబృందాలవారి గిటార్లు చూసే అరవాయన, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. మేము కూడా వెంట వెళ్ళాము. ఆయన గిటారు మోగించనే లేదు. తుపాకి గురి చూసినట్టు మెడ కొసనుంచి ఒక కన్ను మూసి చూశాడు. మెడ వెనక్కు వాలిందన్నాడు.

ఆ మెడలోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుందట. తీగలు మెడను ముందుకు వంచితే, కడ్డీ వెనక్కు లాగుతుంది. రెండూ తూగితే మెడ దాదాపు నిటారుగా, ఇసుమంత మాత్రం లోవంపుతో నిలబడుతుంది. తీగల బలం తగ్గడంతో కడ్డీది పైచేయి అయింది. బ్రిడ్జిదీ అదే కథ. దానిని తీగలు ఒకవైపు లాగుతుంటే, గిటారు వీపున పెట్టెలో ఉన్న స్ప్రింగులు రెండోవైపు లాగుతాయి. స్ప్రింగులు గెలిచి బ్రిడ్జి వెనక్కు కుంగింది. తీగలన్నీ మెట్లమీదికి దిగాయి. మెట్ల తప్పు ఎంతమాత్రమూ లేదు.

ఆయన మొదట పాత లావు తీగలే వేశాడు. సగం రోగం దానితోనే కుదిరింది. తరువాత మొదటి మెట్టునూ చివరి మెట్టునూ తీగ నొక్కిపట్టి, ఎనిమిదో మెట్టు దగ్గర తీగ క్రింద సన్నని రేకు దూర్చి చూశాడు. అక్కడ కాలు మిల్లీమీటరు సందు ఉండాలట. లేదు. కడ్డీ మర పావు చుట్టు వదులుచేసి, మర్నాడు రమ్మన్నాడు. కర్ర వెంటనే మాట వినదు, రాత్రంతా ఆలోచించుకుంటుంది అన్నాడు. మర్నాటికి సందు సరిపోయింది. స్ప్రింగుల మరలు వదులుచేసి బ్రిడ్జి వెనుక అంచు చెక్కనుంచి మూడు మిల్లీమీటర్లు లేచేలా చేశాడు. పదిహేడో మెట్టు దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లకు తెచ్చాడు. ఒకటి కదిలిస్తే మరొకటి మారుతుంది గనుక, ప్రతిసారీ శ్రుతి చేసి మళ్ళీ కొలిచాడు. ఈ వరుస ముమ్మారు తిరిగింది.

ఆ తరువాతిది మాకు మహా ఇంపైన పని. ఒక్కొక్క తీగను పన్నెండో మెట్టుమీద వేలు ఊరక ఆనించి మీటి, వెంటనే అక్కడే నొక్కి మీటాడు. రెండు నాదాలూ ఒకటే కావాలి. నొక్కినది హెచ్చితే బ్రిడ్జిమీద ఆ తీగ ఆనే ముక్కను వెనక్కు జరిపి నిడివి పెంచాలి, తగ్గితే ముందుకు. యంత్రంలో ముల్లు చూపిస్తున్నా ఆయన కళ్ళు మూసుకునే పని కానిచ్చి, చివర ముల్లు చూశాడు. చివరగా తీగల క్రింది అయస్కాంతాలను కొంచెం దించాడు. మరీ దగ్గరగా ఉంటే అవి తీగను లాగి నాదాన్ని వణికిస్తాయట. ఈ గిటారులో రాగి తీగ చుట్టలు ఒకదానిమీద ఒకటి రెండేసి ఉన్నాయి. మన ఇళ్ళలోని 50 ఆవర్తాల కరెంటు గుయ్యిమనే రొదను ఒకటి తెస్తే, రెండోది దాన్ని ఎదురుకొట్టి చంపుతుంది.

ఇంత చేసి ఆయన పుచ్చుకున్నది, దుకాణంవారు అడిగినదానిలో పదోవంతు కూడా లేదు. మావాడి చేతికిచ్చి వాయించమన్నాడు. మావాడు అలవాటుగా గట్టిగా నొక్కాడు, అపస్వరం పలికింది. గుంటల మెడమీద బలంగా నొక్కితే తీగ లోపలికి దిగి శ్రుతి హెచ్చుతుంది, తీగ సన్ననిదైతే ఇంకా హెచ్చుతుంది. "మేళం నేను కట్టాను, చేయి నువ్వు తేలిక చేసుకో" అని అరవంలో అని, ఆయన ఇంకొకరి గిటారు అందుకున్నాడు.

ఇప్పుడు మావాడు పెట్టెలో తేమ కొలిచే చిన్న యంత్రం పెట్టాడు. నూటికి 45 నుంచి 55 లోపు ఉండాలట. సముద్రపుటొడ్డున కాపురమున్న మనకది సామాన్యమా? వానకారు వచ్చిందంటే ముల్లు 75 దాటుతుంది. తేమ పీల్చే పొట్లాలు మార్చుకుంటూ, నెలకొకసారి రేకు దూర్చి మెడ చూసుకుంటున్నాడు. చేయి కూడా కొంత తేలికపడింది. సాయంత్రాలు అమ్మమ్మ ఎదుట కూర్చుని సరళీ స్వరాలు ఒక్క తీగమీదే లాగి పలికిస్తున్నాడు. రిషభం దగ్గర ఆమె ఇంకా తల అడ్డంగానే ఊపుతున్నారు.

ఈ గొడవలో పడి ఆమె వీణ సంగతి మరిచాము. మేళం కట్టించి పదకొండేళ్ళయింది, పోయిన వేసవికి మైనం మెత్తబడి పై స్థాయి మెట్లు రెండు పక్కకు ఒరిగాయి. కట్టేవాడు ఈ నెలాఖరుకు వస్తానన్నాడు. ఆ రోజున సెలవు పెట్టుకుని ఇంట్లో ఉంటానని మావాడు ఇప్పటినుంచే చెబుతున్నాడు.