నడి యేటి నిబంధన

సంవత్సరమునకు ఆరంభములు రెండు గలవని మన పల్లెల స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు. గోడమీది క్యాలెండరు చూపునది యొకటి, మృగశిర కార్తె చూపునది మరియొకటి. మానుకోట జిల్లాయందలి కురవి, డోర్నకల్లు ప్రాంతములలో జూను మాసమున తొలకరి పడి, అరక కట్టి, ప్రత్తి గింజ నాటి, వరినారు పోసిన నాడే పొలమునకు కొత్త యేడు వచ్చినట్లు.

అయినను మన క్రైస్తవ కుటుంబములందు తీర్మానములన్నియు డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలోనే జరుగును. దినమును ప్రార్థనతో ఆరంభింతుననియు, పరిశుద్ధ గ్రంథమును ఏడాదిలో ముగింతుననియు, తోడికోడలితో పోరు మానుదుననియు ఆ రాత్రి మనస్సులో ననుకొనని గృహిణి యుండదు. జూను వచ్చుసరికి వాని గతి యేమి? పఠనము నిర్గమకాండమును దాటి లేవీయకాండములో ప్రవేశించి, అచ్చటనే బడలి కూర్చుండును. (ఆ చోట ఆగిపోయినవారు దానిని దాటినవారికంటె మిక్కిలి యెక్కువయని నా యనుమానము.) ప్రార్థన పిల్లల బడి తొందరలో తప్పును. తోడికోడలి సంగతి చెప్పనేల?

తీర్మానము తప్పుట అంత పెద్ద నష్టము కాదు. తప్పిన పిమ్మట కలుగు సిగ్గు పెద్ద నష్టము. మాట యిచ్చి తప్పినదానను, ఏ ముఖముతో మరల మోకరింతునని తలచిన స్త్రీ మొదట కుటుంబ ప్రార్థనకు, తరువాత స్త్రీల కూడికకు, తుదకు ప్రభు భోజనమునకు దూరమగును. ఇంటివారు దానిని పనుల యొత్తిడి యందురు. ఆమెయు నట్లే చెప్పును. మరల డిసెంబరు వచ్చువరకు ఆ తలుపు మూసియే యుండును. ఆరు నెలలు ఆత్మకు ఉపవాసమన్నమాట.

ఈ తలుపును నడి యేటనే తెరచిన జనులు పూర్వమున నుండిరి. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమున నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో కట్టించెను. గోడ లేచినది గాని, జనుల మనస్సులు పడియే యున్నవి. ఏడవ మాసము మొదటి దినమున నీటి గుమ్మము ఎదుట జనులందరును కూడగా, ఎజ్రా కఱ్ఱతో చేసిన పీటముమీద నిలిచి ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రమును చదివెను. అచ్చట పురుషులతోపాటు స్త్రీలును నిలిచి వినిరని గ్రంథము స్పష్టముగ చెప్పుచున్నది. విన్నవారు తమ తప్పులు తెలిసి యేడ్చిరి. అప్పుడు పెద్దలు వారిని మరింత యేడువుడని గద్దింపలేదు. ఇండ్లకు పోయి మంచి భోజనము చేసి, ఏమియు వండుకొనని వారికి వంతులు పంపుడనిరి. పశ్చాత్తాపమునకు మొదటి పని పొరుగింటికి గిన్నెడు కూర పంపుటయట! వంటయింటి స్త్రీకి ఇంతకంటె తెలిసిన మాట యేది?

అదే మాసము 24వ దినమున వారు ఉపవాసముండి, నిబంధన వ్రాసి ముద్రలు వేసిరి. దానిలో భార్యలును కుమార్తెలును చేరిరి. ఇక ఆ నిబంధనలోని సంగతులు చూడుడు. దేవుని మిక్కిలిగ ప్రేమింతుమనుటతో వారు ఊరకుండలేదు. విశ్రాంతి దినమున అంగడి సరకు కొనము, ఏటేట తులములో మూడవ వంతు ఇత్తుము, బలిపీఠమునకు కట్టెలు తెచ్చు వంతు చీట్లు వేసి యింటింటికి పంచుకొందుము అని వ్రాసిరి. కట్టెలు! మోపు తెచ్చినదియు తేనిదియు కంటికి కనబడును గదా. ఇంత చేసినను కొంతకాలమునకు వారు తప్పిరి. నెహెమ్యా రాజునొద్దకు పోయి తిరిగి వచ్చుసరికి విశ్రాంతి దినమున సంత సాగుచుండెను. అతడు మరల సరిదిద్దెను. నిబంధన నూతనపరచుట ఒక్కసారితో తీరునది కాదని దీనివలన తేలుచున్నది.

వ్రాసి యుంచుట మన గడ్డకును కొత్త గాదు. తెలుగు వచనము రాతిపై తొలుదొలుత కనబడు శాసనములలో 10వ శతాబ్దపు కొరవి శాసనమొకటి. ఆ కొరవియే నేటి కురవి. మహాశివరాత్రికి వీరభద్రస్వామి జాతరకు జనులు వెల్లువగా వచ్చు ఊరు.

అచ్చటికి అనతిదూరమున రైలు కూడలియైన డోర్నకల్లు గలదు. తిరునల్వేలి సీమ తమిళులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షమున వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో అచ్చట కాపురముండి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29వ తేదిని కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. ఆయన 1945 జనవరి 1వ తేదిని కాలము చేయునాటికి ఆ అధ్యక్ష మండలములోని క్రైస్తవులు రెండు లక్షలకు పైబడిరి. వారిలో అధికభాగము మాల మాదిగ కుటుంబములవారు, పొలములలో కూలి చేసి బ్రదుకువారు. 1939 జనవరి 6వ తేదిని ప్రతిష్ఠింపబడిన డోర్నకల్లు కథీడ్రలు గుమ్మటములును మినారులును మండపపు స్తంభములును కలిసి నేటికిని కన్నులపండువుగ నున్నది. కాని నేను చెప్పదలచినది ఆ కట్టడమును గూర్చి కాదు.

అజరయ్యగారు బాప్తిస్మము పొందువారిచేత తమ చేతిని తమ తలపై నుంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్తను ఇతరులకు తెలుపుట తమ విధియనియు పలికించెడివారు. చదువురాని కూలి స్త్రీకిని ఇది సాధ్యమే. పుస్తకము వలదు, చేయి యున్న చాలును. ఇట్టిదే పిడికెడు బియ్యపు వాడుక. అన్నము వండునపుడు ఎసటిలో పోయుటకుముందు ఒక పిడికెడు బియ్యము తీసి దేవుని పేర వేరు కుండలో వేయుదురు. అస్సాము కొండల కావల మిజోరాములో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన యిట్టి వాడుక నేటికిని అచ్చటి సంఘమును పోషించుచున్నది.

వెస్లీ గారి నిబంధన ఆరాధనను మనము జనవరికే చెందినదని యెంచుదుము. ఆయన 1755లో లండనులో మొదట దానిని జరిపినది ఆగస్టు 11వ తేదిని. మెదకు ప్రాంతపు వెస్లియనులును డోర్నకల్లు ఆంగ్లికనులును 1947 సెప్టెంబరు 27వ తేదిని దక్షిణ ఇండియా సంఘములో నొకటైరి గాన, ఈ ఆచారము ఇరువురికిని సొంతమే.

ఇక సోదరీమణులు ఈ జూలైలో ఏమి వ్రాసికొనవచ్చును? మూడింటికి మించి వలదని నా మనవి. మార్కు సువార్తలో 678 వచనములు గలవు. దినమునకు నాలుగు చొప్పున చదివిన 170 దినములలో ముగియును. జూలై 1 మొదలు డిసెంబరు 24 వరకు 177 దినములు గలవు. చదువురాని అత్తగారున్నచో ఆమెకు వినబడునట్లు చదువవలెను, అప్పుడు ఇద్దరి పఠనము నడచును. రెండుపూటల పిడికెడు బియ్యము తీసిన అదే కాలములో 354 పిడికిళ్లగును. పిడికిలికి 40 గ్రాములే యనుకొన్నను 14 కిలోలు దాటును, కోత పండుగనాడు బలిపీఠము ముందుంచుటకు చాలినంత.

మూడవది తోడికోడలు. దీనికి లెక్క లేదు. ఎజ్రా కాలపు పెద్దలు చెప్పిన గిన్నెడు కూరతో మొదలుపెట్టి చూడవచ్చును. ఆమె గిన్నెను ఖాళీగా తిప్పి పంపినను, వారము తిరుగకముందే ఇంకొక గిన్నె పంపవలెను.

పఠనములో మిగిలిన ఏడు దినములను దేనికిని కేటాయింపవలదు. అవి జ్వరమునకు, పెండ్లికి, నాట్ల కూలికి, మరపునకు.