తిమిరి కొట్టిన షాకు

గన్నవరం చుట్టుపక్కల కాలువల్లో దొరికే బొమ్మిడాయి పాములా మెలికలు తిరుగుతుంది. పట్టుకుంటే వీపు మీది ముళ్లు గుచ్చుకుంటాయేమో గానీ, షాకు మాత్రం కొట్టదు. అలాగే పాములా ఉండి, 860 వోల్టుల దాకా షాకిచ్చే చేప దక్షిణ అమెరికాలో, అమెజాన్ నదీ ప్రాంతంలో ఉంది. అయితే కరెంటు చేపను చూడాలంటే అంతదూరం పోనక్కర్లేదు. మన బంగాళాఖాతంలోనూ ఒకటుంది.

అది టేకు చేపల్లో ఒక రకం. బల్లపరుపుగా, గుండ్రంగా ఉంటుంది. చిన్న కళ్లు పైకి ఉంటాయి. విశాఖపట్నంలో దీన్ని తిమిరి అనేవారు. 1780లలో అక్కడున్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్, స్థానికుల నోట విన్న తిమిరి, నల్ల తిమిరి పేర్లను తన చేపల పుస్తకంలోకి ఎక్కించాడు. అది 1803లో లండన్‌లో అచ్చయింది. రక్తపింజరి ఇంగ్లీషు పేరులోని రస్సెల్ ఈయనే.

తిమిరిని తాకితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పేరులోనే ఆ అనుభవం ఉంది. లాటిన్‌లోనూ ఇదే తీరు. రోమన్లు ఈ జాతి చేపను టార్పీడో అన్నారు, అంటే మొద్దుబారడం. ఒకటో శతాబ్దపు రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, గౌట్ నొప్పితో బాధపడేవాణ్ని తడి ఒడ్డున బతికున్న టార్పీడో మీద కాలు పెట్టి, మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకు నిలబడమన్నాడు.

ఎలక్ట్రిక్ అనే మాట మాత్రం చేపల నుంచి రాలేదు. అంబరును, అంటే శిలాజంగా మారిన చెట్టు బంకను, రుద్దితే ఊకను లాగుతుందని గ్రీకులకు తెలుసు. అంబరును లాటిన్‌లో ఎలక్ట్రం అంటారు. 1600లో విలియం గిల్బర్ట్ అయస్కాంతాలపై లాటిన్‌లో రాసిన గ్రంథంలో, అంబరులా లాగే వస్తువులకు ఆ మాట నుంచే పేరు పెట్టాడు. ఆ శక్తీ, చేప తిమ్మిరీ ఒకటేనని తేల్చే ప్రయోగాలు 1772లో ఫ్రాన్స్ తీరాన జాన్ వాల్ష్ చేశాడు. విద్యుత్తులాగే టార్పీడో షాకు కూడా లోహం గుండా పోతుంది, గాజు దగ్గర ఆగిపోతుంది!

తిమిరి తలకు రెండు పక్కలా కండరాల నుంచి మారిన కణాలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఒక్కో కణంలో పుట్టేది సుమారు వోల్టులో పదోవంతు. మెదడు ఆజ్ఞతో అన్నీ ఒకేసారి పనిచేస్తే టార్చిలైటులో వరసగా వేసిన బ్యాటరీల్లా వోల్టులు కలుస్తాయి. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి, మంచినీటి అమెజాన్ చేపకు కావలసినన్ని వోల్టులు దీనికి అక్కర్లేదు. 1800లో తొలి బ్యాటరీ చేసిన వోల్టా కూడా దాన్ని ఈ చేపల అవయవంతోనే పోల్చాడు.

రస్సెల్ రాసిపెట్టబట్టే తిమిరి పేరు మనదాకా వచ్చింది. గిలకలదిండి రేవులో జాలరుల నోట ఇంకెన్ని పేర్లున్నాయో! కృష్ణా జిల్లా కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులు వెళ్లి, అడిగి, రాసిపెట్టాలి.