తీపి రొట్టెకు కారం జోడు

ఆదివారం పూట గోదావరి జిల్లాల ఇళ్లలో పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది. తలంట్లు, బట్టల ఉతుకులు అయ్యేసరికి పది దాటుతుంది. అప్పుడు ఇడ్లీ పెడితే మధ్యాహ్నం అన్నం సహించదు, పెట్టకపోతే పిల్లలు ఊరుకోరు. ఫలహారాన్నీ భోజనాన్నీ కలిపివేసే ఇటువంటి పూటకు ఇంగ్లీషువారు ‘బ్రంచ్’ అని పేరు పెట్టుకున్నారు. 1895లో గై బెరింజర్ అనే రచయిత, ఆదివారం పొద్దెక్కి లేచేవారి తరఫున వకాల్తా పుచ్చుకుని ఒక పత్రికలో వ్యాసమే రాశాడు. మనవారు పేరు పెట్టుకోలేదు గాని ఆకలి మాత్రం ఒక్కటే.

ఆ వేళకు చక్కగా అమరే వంటకం ఒకటుంది. రెండు రొట్టె ముక్కల నడుమ తీపీ కారమూ పెట్టి, సెనగపిండి జారులో ముంచి నూనెలో వేయించడం. ఇదేదో కొత్త వింత అనుకోనక్కరలేదు. బ్రెడ్ బజ్జీ ఎరుగని ఊరు ఇవాళ తెలుగునాట లేదంటే అతిశయోక్తి కాదు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర వేడివేడిగా నాలుగు ముక్కలు కోసి, పైన ఉల్లిపాయ తరుగు, కాస్త కారం చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. అంత కారం చల్లినా నోటికి అది ఎందుకు హితవుగా ఉంటుందో తినేవారు పట్టించుకోరు. మన బేకరీ రొట్టె చప్పనిది కాదు, పంచదార పడినది. తీపి ముందే అందులో ఉంది.

ఆ మాటకొస్తే ఈ జోడు పాతదే. ‘పావు’ అనే రొట్టె పేరునూ మిరపకాయనూ మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు. ఒకే ఓడల వెంట వచ్చిన రెండింటినీ కలిపి తినడానికి మాత్రం బజ్జీల బండి రావలసి వచ్చింది. హైదరాబాదువారు రొట్టెను నేతిలో వేయించి, పంచదార పాకంలోనూ పాలలోనూ నానబెట్టి ‘డబుల్ కా మీఠా’ చేసుకున్నారు. అది పూర్తిగా తీపి పక్షం. తీపినీ ఉప్పునీ ఒకే ముక్కలో పెట్టి వేయించినవారు అమెరికావారు. ఫ్రాన్సులో 1910 ప్రాంతం నుంచి హోటళ్లలో దొరికే పంది మాంసం, జున్ను పెట్టిన వేడి రొట్టెను వారు కోడిగుడ్డు సొనలో ముంచి, వేయించి, పైన మెత్తని పంచదార పొడి చల్లి, పక్కన పండ్ల జామ్ పెట్టుకుని తింటారు. దానికి ‘మాంటీ క్రిస్టో’ అని పేరు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండులో తిరిగి వచ్చినవారు దాని సంగతి చెప్పకుండా ఉండరు. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ఉప్పు వేసిన తోపుపిండిలో బెల్లపు పూర్ణం ముంచి బూరెలు వండే మనం దాన్ని చూసి ముక్కు మీద వేలు వేసుకోనక్కరలేదు.

మన ఇళ్లలో ఆ పద్ధతి పాటించాలంటే మాంసం పని లేదు, జున్ను వెతుక్కోనక్కరలేదు. చిక్కల్లా తీపితోనే. జామ్ రాస్తే వేడికి పలుచబడి అంచుల్లోంచి కారుతుంది. బెల్లం తురుము అంతకంటే దుర్మార్గం. కరిగి నూనెలో పడి మాడి, బాణలి అంతటినీ చేదు చేస్తుంది. దీనికి విరుగుడు మన దగ్గరే ఉంది. అదే మామిడి తాండ్ర. పూతరేకులతో దేశమంతటా పేరుపొంది, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు సైతం పొందిన ఆత్రేయపురం తాండ్రకూ పెట్టింది పేరే. ఎండాకాలంలో మామిడిపండ్ల గుజ్జులో తీపి కలిపి చాపల మీద పలుచగా పూసి, ఎండాక దాని మీద మరో పూత, ఆపైన మరొకటి, ఇలా పొరలు పొరలుగా కట్టేది తాండ్ర. నీరు ముందే ఎండకు పోయింది గనుక వేడి తగిలినా మెత్తబడుతుందే గాని జామ్ మాదిరి పారదు. అందులోని పులుపు కారానికి సరిగ్గా జోడు కుదురుతుంది.

నలుగురికి ఎనిమిది ముక్కల రొట్టె కావాలి. ముందురోజుదైతే మేలు. ఆ పూట కాల్చిన రొట్టె మెత్తగా ఉండి పిండిలో ముంచగానే చేతిలోనే విడిపోతుంది. నిలవ రొట్టె బిగిసి ఉంటుంది గనుక నిలుస్తుంది. అయితే బూజు పట్టినది వేరు సంగతి. పచ్చని మచ్చ ఒక్కటి కనబడినా ఆ మేరకు గిల్లి పారేసి మిగతాది వాడుకుందామనే పొదుపు కూడదు. కంటికి కనబడని బూజు పోగులు లోపలికి పాకి ఉంటాయి.

రెండు ఉడికిన బంగాళాదుంపలను చిదిమి, మూడు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క దంచి వేసి, కొత్తిమీర, ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం కలపాలి. ముద్ద పొడిగా ఉండాలి. ఒక రొట్టె ముక్క మీద ఈ ముద్దను పలుచగా పరచి, దాని మీద చీటీ మందాన కోసిన తాండ్రను అంచులకు అర అంగుళం ఇవతలే ఉండేలా పెట్టి, రెండో ముక్క మూసి అరచేత్తో అదమాలి. మూలకు మూలగా కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి. తాండ్ర ఎక్కువ పెట్టాలని పిల్లలు గోల చేస్తారు. వినకూడదు, మందమైతే లోపల వేడెక్కక బంకలా పళ్లకు అంటుకుంటుంది.

జారుకు కప్పు సెనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, కారం, నలిపిన వాము చాలు. నీళ్లు కొద్దికొద్దిగా పోసి దోసెల పిండికంటే కాస్త చిక్కగా కలుపుకోవాలి. వంటసోడా చిటికెడుకు మించితే బజ్జీ పొంగుతుంది గాని నూనెను జలగలా పీలుస్తుంది.

ఇక నూనె. ఈ వంట బాగోగులన్నీ ఇక్కడే తేలుతాయి. రొట్టె అంటేనే సన్నని రంధ్రాల మయం. నూనె 175 నుంచి 180 డిగ్రీల వేడి మీద ఉంటే జారులోని నీరు ఆవిరై బయటికి తోసుకువస్తుంది. ఆ ఆవిరి వెలువడుతున్నంతసేపూ నూనెను లోపలికి రానివ్వదు. ఈలోగా పైపొర గట్టిపడుతుంది. వేడి చాలకపోతే పొర కట్టదు, రొట్టె తడిసిన గుడ్డలా తయారవుతుంది. ఇంట్లో ఉష్ణమాపకం ఎవరికుంటుంది గనుక, చుక్క పిండి వేసి చూడడమే ఆనవాలు. అడుగుకు పోయి వెంటనే పైకి తేలితే సరైన వేడి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగాలి, పడగానే నల్లబడితే మంట తగ్గించాలి. ఒక్కసారి రెండుకు మించి వేయకూడదు, వేస్తే నూనె చల్లారుతుంది.

ఇంకొక కిటుకు ఉంది. బజ్జీ ఎక్కువ నూనె తాగేది బాణలిలో ఉండగా కాదు, పైకి తీశాక. చల్లబడేటప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోయి, పైన అంటిన నూనెను లోపలికి లాగుతుంది. కనుక చిల్లుల గరిటెతో తీసిన వెంటనే బాణలి మీదే రెండుసార్లు గట్టిగా విదిలించి, పల్చని బట్ట మీదనో జల్లెడలోనో వేయాలి.

చాలామంది వార్తాపత్రిక మీద వేస్తారు. ఈ కాగితం చదవడానికే గాని తినేవాటికి కాదు. అచ్చు సిరాలో ఉండే రసాయనాలు వేడినూనెలోకి దిగుతాయని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. 2018 నాటి నిబంధనలు వార్తాపత్రికల్లో తినుబండారాలు చుట్టడాన్ని నిషేధించాయి. అయినా ఈ పేజీ కూడా ఏ బండి దగ్గరికో చేరి పొట్లం కాకుండా ఉంటుందన్న నమ్మకం లేదు.

అదే సంస్థ కాగిన నూనె విషయంలోనూ 2018 జూలై 1 నుంచి కట్టడి తెచ్చింది. మళ్లీమళ్లీ కాచిన నూనెలో పుట్టే హానికర పదార్థాల లెక్క 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదు. బండివాడి కష్టం అర్థం చేసుకోదగినదే. రోజూ నూనె మార్చితే అతనికి మిగిలేది బాణలే. అయినా రోజూ అక్కడ తిని పనికి పోయే కూలీకీ, హాస్టలు విద్యార్థికీ ఆ నల్లనూనె మరింత ఖరీదు. ఇంట్లో ఆ సాకు కూడా లేదు. చిన్న బాణలిలో పావు లీటరు పోసి రెండేసి వేయిస్తే సరిపోతుంది. మిగిలినది వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు ఖర్చు చేసెయ్యాలి. చిక్కబడినా, నురగ కట్టినా, వాసన మారినా వాడకూడదు, తూములో పోయనూ కూడదు.

వేయించినవి వెంటనే వడ్డించాలి, అరగంట ఆగితే మెత్తబడతాయి. పక్కన పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క, తాగడానికి పలుచని మజ్జిగ. మనిషికి రెండు త్రికోణాలు తింటే మధ్యాహ్నం మూడింటిదాకా వంటింటి వైపు ఎవరూ రారు. ముందుగా అంచులు కోసి ఉంటే వాటిని పారవేయక ఎండలో పెట్టి, పొడి కొట్టి సీసాలో పోసుకుంటే కట్లెట్లకు పనికొస్తాయి.