డెంగీ: జ్వరం తగ్గిందని ఊరుకుంటున్నారా? అసలు జాగ్రత్త అప్పుడే

వానలు మొదలయ్యాక ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలిపోయే జ్వరం, కళ్ల వెనక నొప్పి, కీళ్ల నొప్పులు వస్తే డెంగీ పరీక్షకు పరుగెత్తుతాం. ఏ రోజు ఏ పరీక్ష అన్నది మాత్రం చూసుకోం. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. రెండో రోజే ఐజీఎం చేయించి నెగెటివ్ వచ్చిందని ధీమాగా ఉంటే లాభం లేదు.

హైదరాబాద్‌లో ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లండి. రక్త నమూనా తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు. పైసా ఖర్చుండదు. జ్వరం తీవ్రంగా ఉంటే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. (దానికి పెట్టింది సర్ రొనాల్డ్ రాస్ పేరు. దోమలో మలేరియా క్రిమిని ఆయన 1897లో గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే.)

సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. హమ్మయ్య అనుకుని పిల్లల్ని బడికి పంపేస్తాం. కొందరిలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవచ్చు. ఆ ఒకటి రెండు రోజులూ కనిపెట్టుకుని ఉండండి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మగత, మూత్రం తగ్గడం... వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. 108కి ఫోన్ చేయండి.

ప్లేట్‌లెట్ల గురించి అవసరానికి మించిన భయం ఉంది. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేలలోపు పడిపోయినప్పుడే ఎక్కిస్తారు. సీబీపీ రిపోర్టులో పీసీవీ ఎంతుందో కూడా డాక్టర్‌ని అడగండి. అది పెరుగుతోందంటే ద్రవం కారుతోందేమోనని అనుమానించాలి. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఈ దోమ మురుక్కాల్వలో కాదు, నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. పగలే కుడుతుంది. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీ కింద పళ్లెం, మూతలేని సంపు చూడండి. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి నీళ్లు ఒంపేయాలి. ఒంపితే సరిపోదు, పీచుతో రుద్దాలి. గోడకు అంటిన గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి.

ఫాగింగ్ బండి పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, నీళ్లలోని లార్వాను ఏమీ చేయదు. పక్క ప్లాటులోనో, ఆగిపోయిన కట్టడం సెల్లార్‌లోనో నీళ్లు నిలిస్తే ఫాగింగ్ కాదు, లార్వా మందు చల్లమని మున్సిపల్ ఎంటమాలజీ విభాగానికి ఫొటోతో సహా ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నంబరు తీసుకోవడం మర్చిపోకండి.